కురిడీలు ఇంట్లో, పవర్‌బ్యాంకు చేతిలో

ప్రశ్న: మాది కవిటి మండలం. కొబ్బరి తోటే మా ఆధారం. నాకు 63 ఏళ్లు, మా ఆవిడకి 58. అబ్బాయి దుబాయిలో సూపర్‌వైజరు. కోడలికి నెలలు నిండుతున్నాయని మా ఇద్దరికీ టికెట్లు తీశాడు. విశాఖ నుంచి హైదరాబాదు, అక్కడినుంచి ఎమిరేట్స్ విమానం. ఇద్దరికీ ఇదే మొదటిసారి. టీవీలో అహ్మదాబాద్ విమానం కూలడం చూసినప్పట్నుంచి మా ఆవిడ 'నువ్వెళ్లు, నేను రాను' అంటోంది. పైలట్లకి నిద్ర ఉండదని ఒకడు, బ్యాటరీలు పేలుతున్నాయని ఇంకొకడు, ఊళ్లో తలో మాట. ప్రభుత్వం కొత్త రూల్సు ఏవో పెట్టిందంటున్నారు. అందులో మాలాంటివాళ్లకి పనికొచ్చేవి ఏటి? పెట్టె సర్దేశాం. కురిడీలు, ఆవకాయ, కొబ్బరి నూనె, మేనల్లుడిచ్చిన పెద్ద పవర్‌బ్యాంకు అన్నీ అందులోనే ఉన్నాయి. ఏటి ఉంచాలి, ఏటి తీయాలి?

సమాధానం: ముందు ఆ పెట్టె విప్పి పవర్‌బ్యాంకు బయటికి తీయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

కౌంటర్లో మీరిచ్చే పెట్టె విమానం కింది అరలోకి పోతుంది. ప్రయాణం పొడుగునా అక్కడికి మనిషి వెళ్లలేడు. పవర్‌బ్యాంకులో ఉండేది లిథియం బ్యాటరీ. నాసిరకందైనా, నలిగినా, లోపలి పొర చిట్లినా తనలో తానే వేడెక్కుతుంది. ఒక సెల్లు వేడికి పక్క సెల్లు, దాని వేడికి మరొకటి అంటుకుంటూ పోతాయి. కింది అరలో పొగని కనిపెట్టే పరికరాలు, మంటలార్పే వాయువు ఉంటాయి. కానీ ఈ బ్యాటరీ మంట వాయువుకి పూర్తిగా లొంగదు, నీళ్లు పోసి చల్లబరచాలి. అదే మీ కాళ్ల దగ్గరుంటే పొగ రాగానే మీరు చూస్తారు, సిబ్బంది పరిగెత్తుకొస్తారు. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలనే రూలు అందుకే వచ్చింది. అది కొత్తది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే.

కొత్తగా వచ్చిందేమిటంటే, పైకి తీసుకెళ్లాక దాన్ని ఎక్కడ పెట్టాలి, ఏం చేయకూడదు అన్నది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హేలో బయలుదేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానం మంటల్లో కాలిపోయింది. తలపై సామాను అరలో ఉన్న పవర్‌బ్యాంకు కారణమై ఉండొచ్చని దర్యాప్తువాళ్లు చెప్పారు. అదృష్టం, లోపలున్న 176 మందీ బతికారు. అదే ఏడాది అక్టోబరు 19న ఢిల్లీలో దిమాపూర్ వెళ్లాల్సిన ఇండిగో విమానం ఇంకా నేల మీద ఉండగానే ఒకరి పవర్‌బ్యాంకు అంటుకుంది. సిబ్బంది వెంటనే ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాతి నెలలో మన డీజీసీఏ, అంటే విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ, ఒక సర్క్యులర్ ఇచ్చింది. పవర్‌బ్యాంకుని తలపై అరలో పెట్టకూడదు. దాంతో విమానంలో ఫోను చార్జ్ చేసుకోకూడదు. సీటు దగ్గరి ప్లగ్గులో గుచ్చకూడదు కూడా.

ఎమిరేట్స్ వాళ్లు అంతకుముందే, 2025 అక్టోబరు 1 నుంచి, ఇంకాస్త గట్టిగా ఉన్నారు. మనిషికి ఒక్కటే. అది 100 వాట్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) లోపుండాలి, ఆ సామర్థ్యం దాని మీద అచ్చయి ఉండాలి, విమానంలో వాడకూడదు, సీటు కిందో ముందు సీటు జేబులోనో పెట్టుకోవాలి.

మేనల్లుడిచ్చింది 'పెద్దది' అన్నారు. ఎంత పెద్దదో చూడండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఎంఏహెచ్ (mAh) అని, దాని పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకెని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్ వస్తుంది. 20,000 అయితే 74, ఇబ్బంది లేదు. 30,000 అయితే 111, ఎమిరేట్స్ ఒప్పుకోదు. అక్షరాలు చెరిగిపోయి అంకె కనబడకపోతే లెక్కే అక్కర్లేదు, తీసుకెళ్లకండి. పొట్ట ఉబ్బినట్టుంటే ప్రయాణానికే కాదు, ఇంట్లో కూడా ఉంచొద్దు. అసలు ఇద్దరు పెద్దవాళ్లకి కొన్ని గంటల ప్రయాణంలో ఈ పవర్‌బ్యాంకు ఎందుకో నాకైతే అర్థం కాలేదు. ఫోన్లు ఇంటి దగ్గర నిండా చార్జ్ చేసుకుని, హైదరాబాదులో కూర్చున్నప్పుడు మళ్లీ పెట్టుకుంటే సరిపోదా?

ఇక కురిడీలు. ఉద్దానం మనిషిని కొబ్బరి వదిలి రమ్మనడం నాకూ కష్టంగానే ఉంది. అయినా తప్పదు, తీసేయండి. నిండు ఎండుకొబ్బరి కాయ అటు కింది పెట్టెలోకీ, ఇటు చేతి సంచిలోకీ పనికిరాదు. అంతర్జాతీయ విమానయాన జాబితాలో ఎండుకొబ్బరిని తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల్లో చేర్చారు. ఊళ్లో ఇది చెబితే నవ్వుతారు, తెలుసు. కానీ కొబ్బరి సంగతి మీకు నేను చెప్పాలా? సరిగా ఆరని ఎండుకొబ్బరిని రాశి పోసి నాలుగు రోజులు కప్పెడితే లోపల చెయ్యి పెట్టినప్పుడు వెచ్చగా తగులుతుంది గదా. ఎండుకొబ్బరిలో సగానికి పైగా నూనే. గాలాడని చోట, తేమ తగిలి, ఆ వెచ్చదనం పోయే దారి లేకపోతే ఏమవుతుందన్నదే వాళ్ల భయం. విమానాశ్రయాల భద్రత చూసే బీసీఏఎస్ 2022లో మన దేశంలోనూ దీన్ని పెట్టెల్లోంచి తీయించేసింది.

'అయ్యప్ప స్వాములు ఇరుముడిలో కొబ్బరికాయ పట్టుకుని విమానం ఎక్కారు గదా' అని ఎవరో ఒకరు మీతో అంటారు. నిజమే, ఎక్కారు. శబరిమల సీజన్ వరకు ప్రత్యేకంగా ఇచ్చిన సడలింపు అది. 2024 అక్టోబరులో ఇచ్చినప్పుడు 2025 జనవరి 20 వరకే అని గడువు పెట్టారు. చేతి సంచిలోనే, ఎక్స్‌రే తనిఖీ అయ్యాకే. ప్రకటించింది కూడా మనవాడే, శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు. మంత్రి మన జిల్లావాడు కదా అని మన కురిడీలకి సడలింపు రాదు మరి. ముక్కలు కోసి తీసుకెళ్దామనుకుంటే సంస్థని బట్టి మాట మారుతుంది. మీకు రెండు విమానాలు గనక ఇద్దరినీ అడగాలి. అంత తలనొప్పి దేనికి? కొబ్బరి లౌజు చేయించండి, పలాస జీడిపప్పు రెండు కిలోలు కట్టించండి. కోడలు సంతోషిస్తుంది, కౌంటర్లో ఎవరూ అడగరు.

ఆవకాయ, కొబ్బరి నూనె కింది పెట్టెలోనే పెట్టండి. సీసాలు వద్దు. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా, దానిపైన టేపు, దానిపైన రెండు కవర్లు. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం దేన్నీ విదేశీ విమానానికి రానివ్వరు. భద్రతకి సంబంధించింది కాకపోయినా ఒక మాట చెప్పక తప్పదు. మసాలా పొట్లాల్లో గసగసాలు ఉంటే ఏరి తీసేయండి. దుబాయిలో అవి నిషేధం, ఏమీ తెలియక తీసుకెళ్లి జైలుపాలైనవాళ్లున్నారు.

మీరు చుట్ట కాలుస్తారో లేదో రాయలేదు. కాలిస్తే అగ్గిపెట్టె, లైటరు ఇంట్లోనే వదిలేయండి. మన విమానాశ్రయాల్లో రెండూ తీసేసుకుంటారు. విమానం బాత్‌రూంలో కాల్చే ఆలోచన అసలు పెట్టుకోకండి, అక్కడ పొగకి అలారం మోగుతుంది.

ఇక పైలట్ల నిద్ర. ఊళ్లోవాళ్లు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. రాత్రంతా హైవే మీద లారీ నడిపినవాడికి తెల్లవారుజామున రెప్ప ఎలా వాలుతుందో పైలట్‌కీ అంతే. అది గమనించే 2024 జనవరిలో డీజీసీఏ డ్యూటీ నియమాలు మార్చింది. వారంలో వరసగా 36 గంటలు ఉండే విశ్రాంతి 48 గంటలయింది. రాత్రి డ్యూటీ లెక్క అర్ధరాత్రి నుంచి తెల్లవారి 5 వరకు ఉండేది, 6 వరకు పొడిగించారు. రాత్రి వేళ ఒక పైలట్ ఆరుసార్లు దాకా విమానం దించొచ్చని ఉండేది, రెండుసార్లకి తగ్గించారు. విమాన సంస్థలు అప్పుడే వద్దన్నాయి. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి, చివరికి 2025 జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగతావి అమల్లోకి వచ్చాయి.

తర్వాత డిసెంబరులో ఏమైందో మీరూ టీవీలో చూసే ఉంటారు. సరిపడా పైలట్లు లేక ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. జనం పెట్టెలు పట్టుకుని ఎయిర్‌పోర్టుల్లో పడుకున్నారు. అందరూ రూలుని తిట్టారు. నేను మాత్రం రూలు పక్షమే. దాదాపు రెండేళ్ల ముందు చెప్పిన విషయానికి సిద్ధం కాకపోవడం రూలు తప్పెలా అవుతుంది? ప్రభుత్వం ఆ సంస్థకి 2026 ఫిబ్రవరి 10 వరకు కొన్ని సడలింపులు ఇచ్చింది. గొడవ సర్దుకోవడానికి అది అవసరమయిందేమో గానీ, అలసటకి వాయిదాలుండవు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ నియమాలు మన దేశపు విమాన సంస్థలకి. మీ ఎమిరేట్స్ పైలట్లకి వాళ్ల దేశపు లెక్కలు వేరే ఉంటాయి.

అహ్మదాబాద్ గురించి. 2025 జూన్ 12న లండన్ బయలుదేరిన ఎయిరిండియా విమానంలో 242 మంది ఉంటే ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది పోయారు. ఆ వీడియో చూసిన ఇల్లాలు భయపడిందంటే ఆశ్చర్యం లేదు. జూలై 12న ప్రాథమిక నివేదిక వచ్చింది. ఎగిరిన కొన్ని సెకన్లకే రెండు ఇంజన్లకీ ఇంధనం పంపే స్విచ్చులు సెకను తేడాతో ఆగిపోయే స్థితికి మారాయని అందులో ఉంది. ఎందుకు మారాయో ఆ నివేదిక తేల్చలేదు. కాబట్టి టీ కొట్టు దగ్గర ఎవరైనా 'అసలు కారణం నాకు తెలుసు' అంటే విని నవ్వి ఊరుకోండి.

అదే నివేదికలో నన్ను ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. అలాంటి స్విచ్చుల లాకింగ్ సరిగా ఉందో లేదో చూసుకోమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2018లోనే చెప్పింది. కానీ అది సలహా మాత్రమే, తప్పనిసరి కాదు. అందుకే ఆ తనిఖీ చేయలేదని ఎయిరిండియా చెప్పినట్టు నివేదికలో ఉంది. ప్రమాదానికి ఆ లాకింగే కారణమని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ నివేదిక వచ్చిన రెండు రోజులకే, జూలై 14న, డీజీసీఏ అవే స్విచ్చుల్ని 21లోగా అన్ని సంస్థలూ చూసి తీరాలని ఆదేశించింది. ఏళ్ల తరబడి సలహాగా పడి ఉన్న పని ఆదేశమయ్యేసరికి వారంలో చేయాల్సిన పనైంది. పవర్‌బ్యాంకు సర్క్యులర్‌ని 'సలహాయేగా' అని మీరు పక్కన పెట్టకూడదని ఇంత వివరం రాశాను.

మీ ఆవిడ భయానికి వద్దాం. ఆవిడతో 'భయపడకు' అని అనకండి. ఆ మాటకి భయం పోయినవాళ్లని నేను చూడలేదు. లెక్కలు కూడా చెప్పకండి. మీకు మాత్రం చెబుతాను. అహ్మదాబాద్‌కి ముందు దాదాపు 15 ఏళ్లలో మన దేశంలో ప్రయాణికుల ప్రాణాలు తీసిన పెద్ద విమాన ప్రమాదాలు రెండు, 2010లో మంగళూరు, 2020లో కోళికోడ్. రోడ్ల మీద 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మంది పోయారు. కవిటి నుంచి విశాఖ వెళ్లే కారులో బెల్టు పెట్టుకోవడం ఈ మొత్తం ప్రయాణంలో మీరు చేయగల పెద్ద జాగ్రత్త. ఆ పని ఇద్దరూ చేయండి, వెనక సీట్లో కూర్చున్నా సరే.

ఆవిడకి లెక్కలకి బదులు పని అప్పజెప్పండి. విమానం ఎక్కగానే ముందు తలుపు వైపు ఎన్ని వరసలున్నాయో, వెనక తలుపు వైపు ఎన్నున్నాయో సీట్లు తడుముతూ లెక్కపెట్టమనండి. పొగ కమ్మితే కళ్లకి ఏమీ కనబడదు, చేత్తో లెక్కపెట్టి తలుపు చేరాలి. ముందు సీటు జేబులో బొమ్మల కార్డు ఉంటుంది. అనౌన్స్‌మెంట్లు తెలుగులో రాకపోయినా బొమ్మలకి భాష అక్కర్లేదు. ఆ కార్డు చూసి లైఫ్ జాకెట్ ఎక్కడుందో ఆవిడే మీకు చూపించాలి. దుబాయి దారిలో సముద్రం ఉంది గనక ఒక మాట. జాకెట్‌లోకి గాలి విమానం బయటికి వచ్చాకే నింపుకోవాలి. 1996లో హిందూ మహాసముద్రంలో దిగిన ఇథియోపియా విమానంలో లోపలే నింపుకున్నవాళ్లు నీళ్లతోపాటు పైకప్పుకి తేలి, తలుపులోంచి బయటికి రాలేకపోయారు.

అత్యవసరంగా దిగమంటే అన్నీ వదిలేసి దిగండి. లౌజు డబ్బా, పాస్‌పోర్టు సంచి, చెప్పులు, ఏదీ వద్దు. సగం తలుపులు మూసి ఉన్నా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపించాకే ఇలాంటి పెద్ద విమానాలకి అనుమతి ఇస్తారు. ఒక్కరు పైనుంచి పెట్టె లాగుతూ నిలబడితే ఆ లెక్కంతా తప్పుతుంది. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో మండుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి 379 మందీ బతికి బయటపడ్డారు. సామాను వదిలేయండని సిబ్బంది అరిచారు, జనం విన్నారు.

బెల్టు గుర్తు లైటు ఆరిపోయినా కూర్చున్నంతసేపూ వదులుగానైనా పెట్టుకునే ఉండండి. 2024 మేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం ఒక్కసారిగా కుదుపుకి లోనై ఒకరు చనిపోయారు, చాలామందికి దెబ్బలు తగిలాయి. పైన తల కొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది బెల్టు లేనివాళ్లే.

మొదటిసారి ఎక్కేవాళ్లని భయపెట్టే చప్పుళ్లు కొన్నుంటాయి. ఆవిడకి ముందే చెప్పండి. నేల వదిలిన కాసేపటికి కాళ్ల కింద ధడేల్‌మని చప్పుడొస్తుంది, అవి చక్రాలు లోపలికి ముడుచుకోవడం. ఇంకాస్త పైకెళ్లాక ఇంజన్ హోరు తగ్గి విమానం జారినట్టు అనిపిస్తుంది. ఇంజన్ ఆగిపోలేదు, పైలట్ జోరు తగ్గించాడంతే. రెక్క చివర ఊగుతూ కనిపిస్తుంది, దాన్ని ఊగేలాగే కట్టారు. దిగగానే పెద్ద హోరు వస్తుంది, అది బ్రేకులకి తోడు. వేగం పెంచుతున్నారనుకుని కంగారు పడొద్దు.

సెక్యూరిటీ దగ్గర హాస్యాలాడకండి. 'సంచిలో ఏముంది తాతగారూ' అంటే 'బాంబుంది' అని సరదాగా అన్నవాళ్లు ఆ పూట ప్రయాణం మానుకున్నారు. 2024లో వందల కొద్దీ ఉత్తుత్తి బెదిరింపులు వచ్చాక ఆ ఏడాది డిసెంబరులో నిబంధన మార్చి, అలాంటి మాటకి లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టారు. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వాళ్ల ఐఎన్ఎస్ డేగ స్థావరంలో ఉంది, రన్‌వే దగ్గర సెల్ఫీలు, వీడియోలు తీయకండి. మనవడికి చూపించాలనుకుంటే దుబాయిలో దిగాక తీసుకోండి.

ఒక్క పని మాత్రం ఈ రాత్రే చేయండి. అబ్బాయికి ఫోన్ చేసి రెండు విమానాలూ ఒకే బుకింగులో ఉన్నాయో లేదో అడగండి. ఒకటే అయితే మొదటిది ఆలస్యమైనా తర్వాతి విమానం సంగతి వాళ్లే చూస్తారు, పెట్టె కూడా నేరుగా దుబాయి చేరేలా విశాఖలోనే ట్యాగ్ వేయించుకోవచ్చు. వేరువేరైతే హైదరాబాదులో మీరే పెట్టె తీసుకుని మళ్లీ ఇవ్వాలి, మొదటి విమానం రద్దయితే రెండోదానికి ఎవరూ పూచీ పడరు. అలాంటప్పుడు ముందురోజే పలాసలో కోణార్కో ఫలక్‌నుమానో రైలెక్కి సికింద్రాబాదు చేరిపోండి. విమానంలోనే వెళ్తామంటే బయలుదేరే ఊరు పేరు టికెట్ మీద మరోసారి చూసుకోండి. విశాఖ కోసం భోగాపురంలో కట్టిన కొత్త విమానాశ్రయం మీకు దారిలోనే తగులుతుంది, విశాఖ దాకా వెళ్లి వెనక్కి రావాల్సిన పని పెట్టుకోకండి.